రాత్రి చేతి తిమ్మిరికి మణికట్టు స్ప్లింట్: కట్టే ముందు లోపలి బద్ద చూడండి

అర్ధరాత్రి వేళ్లలో సూదులు గుచ్చినట్టై మెలకువ వస్తుంది, చేయి విదిలిస్తే గానీ తగ్గదు. ఇది కార్పల్ టన్నెల్ సమస్య గుర్తు, అంటే మణికట్టులోని ఇరుకు దారిలో నరం నలగడం. మగవాళ్లకంటే ఆడవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. కడుపుతో ఉండి ఒళ్లు నీరు పట్టినప్పుడు, థైరాయిడ్ తక్కువైనప్పుడు, షుగర్ ఉన్నప్పుడు తరచూ వస్తుంది. రాత్రికి మూడుసార్లు లేచే మనిషికి పగలు నీరసం, చిరాకు రాక తప్పవు. దాన్ని ‘పని ఎక్కువై ఉంటుందిలే’ అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేయడం అన్యాయం.

నిద్రలో మణికట్టు మనకు తెలియకుండానే ముడుచుకుంటుంది. అక్కడి ఇరుకు దారిలో ఒత్తిడి పెరిగి నరం నలుగుతుంది. లోపల బద్ద ఉండే చేతి పట్టీ, అంటే స్ప్లింట్, చేయాల్సిందల్లా మణికట్టును తిన్నగా ఉంచడం. ఆ పని బాగానే చేస్తుంది, కానీ పెట్టెలోంచి తీసి అలాగే కట్టుకుంటే కాదు.

ఎందుకంటే అరచేతి వైపు జేబులో ఉండే అల్యూమినియం బద్ద చాలావాటిలో 20 నుంచి 30 డిగ్రీలు పైకి వంగి వస్తుంది. మణికట్టు వెనక్కి వంగినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. ‘స్ప్లింట్ వాడినా తగ్గలేదు’ అనేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. బద్ద బయటికి తీసి, బల్ల అంచుకు ఆనించి మెల్లగా నొక్కి వంపు తీసేయండి. మళ్లీ దూర్చి, కట్టుకుని, పక్కనుంచి చూడండి: ముంజేయి, చేతి వెనకభాగం ఒకే గీతలో ఉండాలి. ప్లాస్టిక్ బద్ద ఉన్న రకం ఇలా సరిచేయడానికి లొంగదు, అది కొనకండి.

సైజుకు మణికట్టు చుట్టుకొలత తీసుకోండి. స్ప్లింట్ వేళ్ల వైపు అంచు అరచేతిలో వేళ్లకు దగ్గరి అడ్డగీతను దాటితే వేళ్లు పూర్తిగా ముడవలేరు, పొద్దున్నే బిగుసుకుపోతాయి. ముందు మణికట్టు పట్టీ, తర్వాత మోచేతి వైపుది, చివర అరచేతిది పెట్టండి. ప్రతి పట్టీ కింద ఒక వేలు దూరాలి. నొప్పి ఎక్కువైందని ఇంకాస్త బిగిస్తే ఆ బిగువే నరాన్ని నొక్కుతుంది, తెల్లారేసరికి వేళ్లు వాచి ఉంటాయి.

నియోప్రిన్ (రబ్బరు లాంటి గుడ్డ) రకానికి చెమట పట్టి దద్దుర్లు వస్తాయి. లోపల పలుచని నూలు తొడుగు వేసుకుంటే నయం. రాత్రి పాలిచ్చే తల్లులు వెల్‌క్రో గరుకు కొసలు బయటికి రాకుండా చూసుకోవాలి, పసిబిడ్డ చర్మం గీరుకుపోతుంది. ఉతికేటప్పుడు బద్ద తీసి, వెల్‌క్రో అంటించి, చేత్తో ఉతికి నీడలో ఆరేయండి. బద్ద ఏ కొస ఎటు ఉండాలో ముందే పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

ఒకటి రెండు రాత్రులకే తేల్చేయకండి, కనీసం 6 వారాలు రోజూ పడుకునేటప్పుడు కట్టుకోవాలి. చిటికెనవేలు మాత్రమే తిమ్మిరెక్కితే అది వేరే నరం, తరచూ మోచేతి దగ్గర నొక్కుకుపోతుంది, ఈ స్ప్లింట్ దానికి పనికిరాదు. తిమ్మిరి పగలంతా వదలకపోయినా, చేతిలోంచి గ్లాసు జారిపోతున్నా, బొటనవేలి మొదట్లో కండ పల్లమవుతున్నా 6 వారాలు ఆగకుండా డాక్టర్‌కి చూపించి నరం పరీక్ష చేయించుకోవాలి.