సముద్రపుటొడ్డు చిన్నింటికి స్లాబా, పెంకులా?

భీమిలి వైపో సూర్యలంక పక్కనో నాలుగు సెంట్లు కొని, సెలవులకు పిల్లలతో వెళ్లడానికి రెండు గదుల ఇల్లు కట్టుకునేవాళ్లంతా అడిగే ప్రశ్న ఒకటే: పైన స్లాబ్ వెయ్యాలా, బెంగుళూరు పెంకులు పరవాలా? ఏది చల్లన, ఏది అందం అన్నది అందరికీ తెలిసిందే. కానీ ఆ ఇల్లు ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసే ఉంటుంది. మనం లేనప్పుడు ఏ కప్పు ఎలా ఉంటుందన్నదే నా దృష్టిలో అసలు సంగతి.

ముందు పెంకుల మంచి చెప్పుకుందాం. మట్టి పెంకుకు ఉప్పు గాలి పెద్దగా ఏమీ చేయదు. పగిలినా ఊళ్లో మనిషి పది పెంకులు మార్చి గంటలో దిగిపోతాడు. మధ్యాహ్నపు వేడి సందుల్లోంచి పోతుంది. తుప్పు పట్టేది మేకులే. ఇనుప మేకు తుప్పుకు ఉబ్బి రీపరును, అంటే పెంకులు ఆనే సన్న చెక్క బద్దను, చీలుస్తుంది, అక్కణ్ణుంచి ఆ వరుస జారుతుంది. అందుకే స్టెయిన్‌లెస్ మేకులే వాడాలి.

ఇక గాలి. విశాఖ తీరానికి ఇంజనీర్లు లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కి.మీ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు వీచింది ఇంచుమించు అంతే. ఆ వేగం దగ్గర ఒత్తిడి చదరపు మీటరుకు 150 కిలోల దాకా ఉంటుంది. చూరు దగ్గర, కొప్పు దగ్గర ఆ బలం కప్పును పైకి లాగుతుంది, మూలల్లో ఇంకా ఎక్కువ. చదరపు మీటరుకు పట్టే పెంకులు సుమారు 15, వాటి బరువు 40 కిలోలకు అటూఇటూ. ఆరంగుళాల స్లాబ్ అదే కొలతకు 375 కిలోలు తూగుతుంది.

పెంకులే కావాలంటే చూరు వెంట రెండు వరుసలు, కొప్పు, రెండు పక్కల అంచులు వదలకుండా కట్టాలి. పెంకు అడుగున ఉండే కన్నంలోంచి రాగి తీగ దూర్చి రీపరుకు బిగించాలి. వాసాలను గోడ మీది దూలానికి పట్టీలతో, దూలాన్ని గోడలో దించిన బోల్టులతో పట్టించాలి. ఇంత చేసినా ఉడతో కోతో ఒక పెంకు కదిపితే ఆ సంగతి మనకు సంక్రాంతికి గానీ తెలియదు. అప్పటికి రెండు వాయుగుండాల వాన ఒకే వాసం మీద కారి ఉంటుంది.

స్లాబ్ సంగతి వేరు. దాని తప్పులు చాలావరకు వేసిన రోజే జరుగుతాయి, ఆ రోజు మనం దగ్గరుండొచ్చు. అందుకే నా మొగ్గు స్లాబ్‌కే. కాకపోతే ఊళ్లో వేసే స్లాబ్ ఒడ్డున పనికిరాదు. ఉప్పు కాంక్రీటులోంచి ఊచ దాకా దిగితే ఊచకు పట్టిన తుప్పు, అది తిన్న ఇనుముకు రెండింతలకు పైగా ఉబ్బి, కింది పెచ్చును తోసేస్తుంది. దాన్ని ఆపేది ఊచ కింద ఉండే కాంక్రీటు మందం, అంటే కవర్. గది లోపలి వైపు 30 మి.మీ., గాలి నేరుగా తగిలే సన్‌షేడ్లకు, అంచులకు 45 మి.మీ. ఉండాలి. ఊచ కింద కంకర రాయి పెడితే ఒప్పుకోవద్దు. అదే కాంక్రీటుతో పోసిన కవర్ బ్లాకులు పెట్టించండి. కవర్ పెంచి మొత్తం స్లాబ్ మందం పెంచకపోతే దాని బలం తగ్గుతుంది, కాబట్టి ఐదంగుళాలు కాదు, ఆరు.

కాంక్రీటు ఎం30 (బలాన్ని బట్టి ఇచ్చే గ్రేడు) ఉండాలి. సిమెంటు బస్తాకు నీళ్లు ఇసుక తడితో కలిపి 22.5 లీటర్లు దాటకూడదు. పని సులువవుతుందని మేస్త్రీ ఇంకో బకెట్ పోయిస్తాడు, ఆ నీళ్లు ఆరిన దారుల్లోనే తర్వాత ఉప్పు దిగుతుంది. స్లాగ్ సిమెంటు (ఉక్కు కొలిమి చిట్టెం పొడి కలిపినది) ఉప్పును బాగా ఆపుతుంది గానీ కనీసం పది రోజులు తడపాలి. ఒడ్డు ఇసుక, ఉప్పు బోరు నీళ్లు కలపడానికీ వద్దు, తడపడానికీ వద్దు. ట్యాంకరు నీళ్లు తెప్పించుకోండి.

పోసే ముందు ఒకసారి సెంట్రింగ్ మీదికెక్కి వంగి చూడండి. ఊచలు కట్టిన బైండింగ్ వైరు కొసలు కిందికి వేలాడి పలకకు తగులుతుంటాయి. కొన్నేళ్లకు సీలింగు మీద గోధుమరంగు చుక్కలు మొదలయ్యేది అక్కడే. కొసలన్నీ పైకి మడిపించండి, అరగంట పని.

ఏటవాలు స్లాబ్ మీద పెంకులు బిగించడం ఇప్పుడు చాలామంది చేస్తున్నారు. అందంగానే ఉంటుంది గానీ, మేకు కన్నంలోంచి నీరు దిగినా పెంకు మాటున కనబడదు. రేకుల్లో ముందు తుప్పు పట్టేది స్క్రూ తలలు, వాటిని ఏటా చూడాలి. తాటాకు రెండు మూడేళ్లకోసారి నేయించాలి, పెరట్లో పందిరి వరకు బాగుంటుంది.

పెంకుల మీద మనసు పోతే వసారాకు వేసుకోండి. కాకపోతే వసారా వాసాలను ఇంటి కప్పుకు కలపకుండా, విడిగా స్తంభాల మీద, గోడకు బిగించిన వేరే దూలం మీద నిలపాలి. గాలి ముందు దూరేది వసారా కిందికే. విడిగా ఉంటే ఎగిరినా ఆ ముక్క ఒక్కటే పోతుంది.