పాలీహౌస్ సాగుపై ఆన్‌లైన్ కోర్సు: రెండు పంటలు తీశాక నా అభిప్రాయం

చేవెళ్ల దగ్గర మాకు అర ఎకరం పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పిన సాగు షెడ్డు) ఉంది. ఎరుపు, పసుపు క్యాప్సికం వేస్తాం. ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేసి, అందులో చెప్పిన పద్ధతిలో రెండు పంటలు తీశాక ఇది రాస్తున్నాను.

కట్టిన ఫీజు నీళ్లు, ఎరువుల పాఠాలతోనే గిట్టుబాటైంది. మా వైపు చాలామంది షాపులో రాసిచ్చిన చీటీ చూసి డ్రిప్‌లో ఎరువు వదులుతారు. ఇక్కడ మాత్రం ముందు బోరు నీళ్లు పరీక్ష చేయించి రమ్మన్నారు. మా నీళ్లలో బైకార్బొనేట్లు అనే లవణాలు ఎక్కువ, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) 8 దగ్గర ఉంది. అలాంటి నీళ్లతో ఇనుము ఎంత ఇచ్చినా మొక్కకు సరిగా అందదు, లేత ఆకులు పసుపెక్కుతూనే ఉంటాయి. యాసిడ్‌తో పీహెచ్‌ను 5.5 నుంచి 6.5 మధ్యకు ఎలా దించాలో మా రిపోర్టు ముందు పెట్టుకునే లెక్క వేయించారు. కాల్షియం నైట్రేట్‌ను సల్ఫేట్లు, ఫాస్ఫేట్లతో ఒకే ట్యాంకులో చిక్కగా కలిపితే తెల్లగా పేరుకుని డ్రిప్పర్లు పూడుకుపోతాయి. అందుకే రెండు ట్యాంకులు విడిగా పెట్టాలి. ఇది పాటించాక మాకు ల్యాటరల్స్ (డ్రిప్ సన్న పైపులు) కడిగే పని బాగా తగ్గింది. కాయ అడుగు కుళ్లు కనిపించగానే కాల్షియం బస్తా కోసం పరుగెత్తకుండా, ముందు నీళ్లు సమంగా అందుతున్నాయా అని చూడమన్నారు. ఎండాకాలంలో నీళ్లు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు ఇస్తే తేడా కళ్లకు కనిపించింది.

వాతావరణం పాఠాలు మాత్రం మనకోసం చేసినవి కావు. హాలండ్ గాజు గ్రీన్‌హౌస్‌లు, బాయిలర్లు, చలికాలంలో లోపల వేడి నిలపడం... ఇవే ఎక్కువ. ఏప్రిల్‌లో బయటే 40 డిగ్రీలు దాటే చోట, ఫ్యాన్లు లేని పాలీహౌస్‌లో పూత రాలకుండా ఎలా కాపాడాలి? రికార్డు చేసిన వీడియోల్లో దీనికి జవాబు లేదు. లైవ్ క్లాసులో గట్టిగా అడిగితే షేడ్ నెట్ ఏ గంటకు లాగాలో, నీళ్లను పొగమంచులా చిమ్మే ఫాగర్లు ఎంతసేపు నడపాలో, తేమ ఎక్కువున్న వానాకాలంలో వాటిని ఎందుకు ఆపేయాలో ఓపిగ్గా చెప్పారు. కాబట్టి లైవ్ క్లాసులు లేని కోర్సుకు నేనైతే డబ్బు కట్టను.

పురుగుల విషయంలో నాకు కోపమే వచ్చింది. ఫోటో పంపితే రెండు మూడు రోజులకు జవాబు. తామర పురుగు అంతవరకూ ఆగుతుందా? ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి అని మిరప రైతులందరికీ తెలుసు. ఆ పాటి గుర్తులు కూడా పాఠంలో స్పష్టంగా లేవు. మార్కెటింగ్ పాఠం చూడకపోయినా నష్టం లేదు.

కొమ్మల కత్తిరింపు వీడియో చూస్తే రాదు. మొక్కకు రెండు కొమ్మలు ఉంచి మిగతావి ఎక్కడ తుంచాలో పక్కన ఒకరు నిలబడి చూపించాలి. జీడిమెట్లలో ఉద్యాన శాఖ వాళ్ల సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ఉంది, మనవైపు వాళ్లు ఒకసారి వెళ్లి చూసి రండి.

కోర్సులో చేరేది కనీసం ఒక పంట తీశాకే అయితే మంచిది, అప్పుడే అడగాల్సిన ప్రశ్నలు మన దగ్గర ఉంటాయి. ఫీజుతో పాటు ఈసీ (నీళ్లలో కరిగిన లవణాల కొలత), పీహెచ్ మీటర్ల ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. అవి చేతిలో లేకపోతే ఎరువుల పాఠాలు పొలంలో అమలు చేయలేం.