ఇంట్లో గాత్ర సాధనకు ఎస్‌ఎం58: ఏళ్ళ వాడకం తర్వాత సమీక్ష

షూర్ కంపెనీ డైనమిక్ మైకు ఎస్‌ఎం58 అనగానే కచేరీ వేదికో భజన మండపమో గుర్తొస్తుంది. ఇంట్లో రికార్డింగ్‌కి ఏ మైకు కొనాలని అడిగితే మాత్రం కండెన్సర్ (చిన్న శబ్దాన్నీ పట్టే సున్నితమైన రకం మైకు) తీసుకోమనే ఎక్కువమంది చెప్తారు. రికార్డింగ్ పుస్తకాలు కూడా చాలావరకు పెద్ద డయాఫ్రమ్ (శబ్దానికి కంపించే పొర) ఉన్న కండెన్సర్ పెట్టి, అడుగు దూరం నుంచి పాడమంటాయి. ఆ సలహా తప్పేమీ కాదు. కాకపోతే అది గోడలకి సౌండ్ ప్యానెళ్ళు బిగించిన గదిని దృష్టిలో పెట్టుకుని రాసింది. మన ఇళ్ళలో కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు, పైన ఫ్యాను, వీధిలో కూరగాయల బండి. అక్కడ కండెన్సర్ పెడితే గొంతుతో పాటు గది మొత్తం రికార్డవుతుంది. పాడింది విని తప్పులు పట్టుకోవడానికైనా, ఆన్‌లైన్ క్లాసులో గురువుగారికి వినిపించడానికైనా, అలాంటి గదిలో ఎస్‌ఎం58 నే పెట్టమంటాను. 1966లో మొదలైన ఈ మైకు ఇప్పటికీ అమ్ముడవుతోందంటే ఊరికే కాదు. అయితే దీన్ని కండెన్సర్‌లా వాడితే ఫలితం రాదు.

మొదట గెయిన్, అంటే మైకు సిగ్నల్‌ని ఎంత పెంచాలన్న సంగతి. దీని సెన్సిటివిటీ, అంటే ఒక పాస్కల్ శబ్ద పీడనానికి ఇచ్చే సిగ్నల్, 1.85 మిల్లీవోల్టులు. సాధారణ కండెన్సర్ దీనికి పది రెట్లు ఇస్తుంది, అంటే 20 డెసిబెల్స్ తేడా. అందుకే మైకు తగిలించి అడుగు దూరంలో కూర్చుని పాడినవాళ్ళు "సౌండే రావట్లేదు" అంటారు. వెంటనే ఎవరో ఒకరు క్లౌడ్‌లిఫ్టర్, ఫెట్‌హెడ్ లాంటి, సిగ్నల్ పెంచే బూస్టర్ కొనమంటారు. కొనేముందు ఒక్కసారి నోటికీ జాలీకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టేంత దగ్గరికి జరిగి, మామూలు సాధన గొంతుతో పాడి చూడండి. 56 డెసిబెల్స్ గెయిన్ ఉన్న చిన్న ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కూడా సరిపోతుంది. 24 బిట్ పెట్టుకుని, తారస్థాయిలో గట్టిగా పాడినప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా నాబ్ తిప్పితే చాలు. బాగా మెల్లగా పాడేవాళ్ళకి, లేదా నాబ్ చివరికి వెళ్ళేసరికి బుస్సుమనే ఇంటర్‌ఫేస్ ఉన్నవాళ్ళకి మాత్రం బూస్టర్ పనికొస్తుంది. బూస్టర్‌కి 48 వోల్టుల ఫాంటమ్ (ఇంటర్‌ఫేస్ కేబుల్ గుండా పంపే కరెంటు) ఆన్ చెయ్యాలి, మైకుకి అక్కర్లేదు. పొరపాటున ఆన్‌లో ఉన్నా, కేబుల్ సరైనదైతే మైకుకి ఏమీ కాదు.

ఇక దూరం. ఈ మైకులో నేర్చుకోవాల్సిన అసలు పని అదే. దగ్గరగా పాడితే బేస్ పెరుగుతుంది, దూరం జరిగితే గొంతు పలచబడుతుంది. నాలుగు వేళ్ళ నుంచి జానెడు దూరానికి జరిగితే స్థాయి సుమారు 10 డెసిబెల్స్ పడిపోతుంది. తారషడ్జం వచ్చిందని తల పూర్తిగా వెనక్కి లాగేస్తే, రికార్డింగులో ఆ ఒక్క స్వరం పక్క గదిలోంచి పాడినట్టుంటుంది. ఇంకో రెండు మూడు వేళ్ళు జరిగితే చాలు. మంద్రస్థాయిలో ఇంకా దగ్గరికి రావాలని అనిపిస్తుంది కానీ రాకూడదు. బేస్ ఉబ్బి, మంద్ర ధైవతం మీద గమకం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వినపడదు. సాధన రికార్డింగుకి వినపడాల్సింది ఆ గమకమే.

దగ్గరగా పాడితే వచ్చే రెండో సమస్య సరళీ స్వరాల్లోనే బయటపడుతుంది. "ప" అన్నప్పుడల్లా గాలి డయాఫ్రమ్‌కి కొట్టి ధబ్‌మంటుంది, "స" అన్నప్పుడల్లా బుస వస్తుంది. సాహిత్యంలో ఎక్కడో ఒక చోట వచ్చే అక్షరాలు ఇక్కడ ప్రతి ఆవర్తంలోనూ వస్తాయి. జాలీ లోపలి స్పాంజి కొంత ఆపుతుంది, పూర్తిగా ఆపదు. మైకుని నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూలకి జరిపి, 30 డిగ్రీలు పక్కకి తిప్పి, మైకు తల నోటివైపే చూసేలా పెట్టండి. గాలి పక్కనుంచి పోతుంది, గొంతు మాత్రం మైకులోకే వస్తుంది. 45 డిగ్రీలు దాటితే పై ఫ్రీక్వెన్సీలు తగ్గిపోతాయి. సన్నగా, పదునుగా ఉండే గొంతులకి ఇంకో ఇబ్బంది ఉంది. ఈ మైకు 4 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య కావాలనే కొంచెం లేపి ఇస్తుంది. వేదిక మీద మాట స్పష్టంగా వినిపించేది దానివల్లే. హెడ్‌ఫోన్లో అది చెవికి గుచ్చుకుంటే, 5 కిలోహెర్ట్జ్ దగ్గర ఈక్యూలో (ఫ్రీక్వెన్సీల స్థాయి మార్చే సెట్టింగులో) 2 డెసిబెల్స్ తగ్గించండి. అంతకంటే ఎక్కువ తగ్గిస్తే అక్షరాలు ముద్దయిపోతాయి.

లో కట్, అంటే కింది ఫ్రీక్వెన్సీలు తీసేసే ఫిల్టర్, ఎక్కడ పెట్టాలో శ్రుతిని బట్టి లెక్క వేసుకోవాలి. ఒకటో శ్రుతిలో, అంటే సి మీద పాడే మగవాళ్ళకి మధ్యషడ్జం 131 హెర్ట్జ్ ఉంటుంది, మంద్ర పంచమం 98కి దిగుతుంది. వాళ్ళు 100 దగ్గర కట్ పెడితే కింది పంచమం కోసుకుపోతుంది, 70 దాటకూడదు. ఐదో శ్రుతిలో, అంటే జి మీద పాడే ఆడవాళ్ళకి మంద్ర పంచమం 147 హెర్ట్జ్. 110 దాకా నిశ్చింతగా పెట్టుకోవచ్చు, కరెంటు హమ్ కూడా కొంత తగ్గుతుంది.

ఈ మైకు వెనకవైపు నుంచి వచ్చే శబ్దం అన్నిటికంటే తక్కువగా పట్టుకుంటుంది. కాబట్టి కిటికీ గానీ ల్యాప్‌టాప్ ఫ్యాను గానీ మైకు తోక వైపు ఉండేలా కూర్చోండి. జాలీని చేత్తో మూసి పట్టుకుంటే ఈ గుణం పూర్తిగా పోతుంది. వేదిక మీద మైకు కూత పెట్టేది సగం సార్లు అందుకే.

హమ్ వస్తే మైకుని తిట్టేముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. ఆగిపోతే ఎర్తింగ్ సమస్య. ఆగకపోతే మైకుని చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పండి. తిప్పేకొద్దీ హమ్ పెరిగీ తగ్గీ చేస్తుంటే దగ్గర్లో ఏదో అడాప్టరో ఫ్యాను రెగ్యులేటరో ఉన్నట్టు. లోపల ఉన్నది తీగ చుట్ట కదా, అయస్కాంత క్షేత్రాన్ని పట్టేస్తుంది. ఒక మీటరు జరిగితే పోతుంది.

కేబుల్ రెండు వైపులా ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల గుండ్రటి కనెక్టర్) ఉన్నదే కొనండి. కరోకే సెట్లతో వచ్చే, ఒక చివర పీ-38 (6.35 మి.మీ.) జాక్ ఉన్న కేబుల్‌ని ఇంటర్‌ఫేస్‌కి పెడితే సిగ్నల్ మైకు ప్రీయాంప్‌లోకి (మైకు సిగ్నల్‌ని పెంచే భాగంలోకి) వెళ్ళదు, లైన్ ఇన్‌పుట్‌లోకి వెళ్తుంది. వినీ వినపడనట్టుంటుంది. ఉన్నట్టుండి బేస్ లేకుండా బొంగురుపోయిన రేడియోలా వస్తే, కేబుల్లో 2వ లేదా 3వ పిన్ సోల్డరింగ్ ఊడిందని ముందు అనుమానించండి. సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ మోనోలో పెట్టండి, లేకపోతే ఎడమ చెవిలో మాత్రమే వినపడి మైకు పాడైందనుకుంటారు.

అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉండి జూమ్‌లో నేర్చుకునేవాళ్ళకి ఇది ముఖ్యం. జూమ్ మామూలు సెట్టింగులో తంబురా నాదాన్ని, నిలకడగా పట్టిన కార్వైని రొద అనుకుని అణిచేస్తుంది. గురువుగారు "ఎందుకు ఆపేశావమ్మా?" అంటారు, మీరు పాడుతూనే ఉంటారు. ఆడియో సెట్టింగుల్లో ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్ ఆన్ చేసి, హై ఫిడిలిటీ మ్యూజిక్ మోడ్ టిక్ పెట్టి, ఎకో క్యాన్సిలేషన్ తీసెయ్యండి. అది తీసేశాక మీరు హెడ్‌ఫోన్ పెట్టుకుని తీరాలి, లేకపోతే గురువుగారి గొంతు ఆయనకే తిరిగి వెళ్తుంది. తంబురా మీ హెడ్‌ఫోన్లోనే కాకుండా ఆయనకీ వినపడాలంటే చిన్న స్పీకరులో మైకు పక్కవైపు తక్కువ సౌండుతో పెట్టండి.

మన్నిక గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రపు తేమకి కండెన్సర్లు పటపటమంటాయి, దీనికి ఆ బాధ లేదు. జాలీ మాత్రం తుప్పు పట్టొచ్చు. నెలకోసారి జాలీ ఊడదీసి, స్పాంజితో సహా సబ్బు నీళ్ళలో మెత్తటి బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. తడి స్పాంజి లోపల ఉంటే నీళ్ళు క్యాప్సూల్ (శబ్దాన్ని పట్టే లోపలి భాగం) మీదకి దిగుతాయి. జాలీ సొట్టపోతే ఆర్‌కే143జి, క్యాప్సూలే పోతే ఆర్59 అన్న నంబర్లతో విడిభాగాలు దొరుకుతాయి.

నకిలీలు విపరీతంగా ఉన్నాయి. సగం ధరకి "ఒరిజినల్" అంటే నమ్మకండి. అసలుది 298 గ్రాములు, వంటింటి త్రాసులో తూచితే తెలిసిపోతుంది. చాలా నకిలీల్లో పిడి లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు కాబట్టి బరువు తగ్గుతుంది.

వీణకో వయొలిన్‌కో ఇదే మైకు సరిపోతుందా అని అడిగేవాళ్ళున్నారు. సరిపోదు. వాద్యానికి దూరం కావాలి, ఆ దూరంలో దీని సిగ్నల్ చాలదు. పైగా 15 కిలోహెర్ట్జ్ పైన ఇది దాదాపు ఏమీ ఇవ్వదు, తంత్రి మీద గోటి స్పర్శలోని సన్నదనం రాదు. అందుకు చిన్న డయాఫ్రమ్ కండెన్సర్ తీసుకుని, దుప్పట్లు, పుస్తకాల బీరువా ఉన్న గదిలో పెట్టుకోండి.