షెల్టర్ కుక్కల ఫొటోలకు 50 ఎం.ఎం. లెన్స్: కొన్నేళ్లు వాడాక

ఇది లెన్స్ సమీక్షే గానీ, పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకు ఇందులో పనికొచ్చేది తక్కువ. హైదరాబాద్ షెల్టర్లలో అడాప్షన్‌కి సిద్ధంగా ఉన్న కుక్కల్ని ఫొటో తీయడానికి కొన్నేళ్లుగా నేను వాడుతున్నది ఒకటే లెన్స్: 50 ఎం.ఎం., ఎఫ్ 1.8 (ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది, వెనకున్నది అంత మసకబారుతుంది). కోఠిలో సెకండ్‌హ్యాండ్‌లో కొని క్రాప్ సెన్సర్ (అంటే చిన్న సెన్సర్) కెమెరా బాడీకి తగిలించాను. కంపెనీ పేరు రాయడం లేదు. పెద్ద కంపెనీల్లో చాలావాటికి ఇలాంటి చౌక లెన్స్ ఒకటి ఉంది, మంచీ చెడ్డా దాదాపు ఒకటే.

షెల్టర్ అంటే చాలాచోట్ల రేకుల షెడ్డు, ఇనుప జాలీ, కడిగి కడిగి ఎప్పుడూ తడిగా ఉండే సిమెంటు నేల. కుక్కని జాలీకి పదడుగులు ఇవతలకి తెచ్చి ఎఫ్ 2.8 దగ్గర తీస్తే వెనకున్న జాలీ మసకైపోతుంది. ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్ కూడా ఈ పని చేస్తుంది గానీ మీసాలు, చెవి అంచులు కూడా చెరిపేస్తుంది. లెన్స్ బరువు రెండు వందల గ్రాముల లోపే. ఒక చేత్తో బిస్కెట్టో బెల్టో పట్టుకోవాల్సిన చోట ఇది చిన్న విషయం కాదు.

ఎఫ్ 1.8 ఉంది కదా అని మాత్రం వాడొద్దు. మన నాటు కుక్కల మూతి పొడవు. దగ్గర్నుంచి తీస్తే ముక్కు స్పష్టంగా వచ్చి కళ్లు మసకబారతాయి. చూసేవాళ్లకు కావాల్సింది కళ్లు. నేను ఎఫ్ 4 చుట్టూ ఉంటాను, షట్టర్ వేగం 1/500 సెకనుకి తగ్గనివ్వను. నా లెన్స్ పాత మోడల్, ఫోకస్ మోటారు గీమంటుంది. కొన్ని కుక్కలు ఆ చప్పుడుకే తల పక్కకు వంచి చూస్తాయి, ఆ ఫొటో మనకు ఉచితం. దెబ్బలు తిన్న కుక్కలు మాత్రం అదే చప్పుడుకి నేలకి అతుక్కుపోతాయి. అలాంటప్పుడు ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి పక్కకి తిరిగి నేల మీద కూర్చుంటాను. పెదాలు నాక్కోవడం, ఊరికే ఆవులించడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ఇవన్నీ కుక్క బెదిరిందనడానికి గుర్తులు; అవి ఆగేదాకా కెమెరా ఎత్తను.

లెన్స్‌కి అసలు పరీక్ష నల్ల కుక్కలే. సున్నం గోడ ముందు నల్ల కుక్కని నిలబెడితే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ గోడని చూసుకుని వెలుగు తగ్గించేస్తుంది, కుక్క ఉండాల్సిన చోట ఒక నల్ల మచ్చ మిగులుతుంది. వెలుగు ఒక స్టాప్ (అంటే రెట్టింపు) పెంచి, మొహం ఆకాశం వైపు తిప్పితే కళ్లల్లో వెలుగు పడుతుంది. ఫ్లాష్ జోలికి పోను. కుక్క కంటి వెనక వెలుతుర్ని తిప్పికొట్టే పొర ఉంటుంది, ఫ్లాష్ పడితే కళ్లు పచ్చగా మెరుస్తాయి. 2015లో పెట్‌ఫైండర్ అనే అమెరికా అడాప్షన్ వెబ్‌సైట్ ప్రకటనల్లోని నల్ల ల్యాబ్రడార్ సంకరాల మీద ఒక అధ్యయనం వచ్చింది. కుక్క నిలబడి, ఆరుబయట, కెమెరా వైపు చూస్తున్న స్పష్టమైన ఫొటోలున్నవి త్వరగా అడాప్ట్ అయ్యాయని అందులో తేలింది. నేను చూసినదాంతో చాలావరకు సరిపోయింది, కెమెరా వైపు చూపు విషయం తప్ప. బెదిరిన కుక్కతో బలవంతంగా లెన్స్‌లోకి చూపిస్తే భయమే ఫొటోలోకి వస్తుంది, పక్కచూపే నయం. చూపు తిప్పడానికి నీలం రంగు బంతి వాడతాను. కుక్కలకి నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపు తెలియదు.

రంగుల సంగతి నాకు చెప్పింది షెడ్డులో పనిచేసే కుర్రాడే. "అక్కా, గీ జాలీ కింద తీస్తే అన్ని పచ్చగనే వస్తయి, ఆవలికి తీస్కపోదాం పా" అన్నాడు. ఎండకి పైన కట్టిన ఆకుపచ్చ షేడ్ నెట్ వల్ల తెల్ల కుక్క కూడా పచ్చకామెర్లు వచ్చినట్టు పడుతుంది. వైట్ బ్యాలెన్స్ ఎంత సరిచేసినా పూర్తిగా పోదు. వరండా అంచుకి తెచ్చుకోవడమే మార్గం. ఏప్రిల్, మేలో ఎనిమిది దాటితే అదీ కుదరదు. నేల కాలుతుంది, కుక్క నాలుక వేలాడేసి రొప్పుతుంది. ఫొటోలో అది నవ్వుతున్నట్టే కనిపిస్తుంది, చాలామంది అలాగే పెడతారు కూడా. నేను పెట్టను.

ఇక ఈ లెన్స్ నన్ను ఇబ్బంది పెట్టేది ఎక్కడంటే, అందంగా తీయడంలోనే. క్రాప్ బాడీ మీద ఇది 75-80 ఎం.ఎం.లా పనిచేస్తుంది, అంటే ఫ్రేములో పట్టేది తగ్గుతుంది. ఇరుకు నడవాలో నిలువెత్తు కుక్క ఫ్రేములో పట్టదు, మొహమే వస్తుంది. ఆ మొహం స్టేటస్‌లో పెట్టగానే ఫోన్లు వస్తాయి. వచ్చి చూస్తే మోకాలు దాటిన కుక్క! "ఫొటోలో చిన్నగా ఉందే, మాది టూ బీహెచ్‌కే అండీ" అని వెనక్కి తిరుగుతారు. వెనక్కి తిరిగితే ఫర్లేదు. తీసుకెళ్లి రెండు వారాలకి తిరిగి తెస్తే కుక్క అన్నం మానేస్తుంది. అందుకే నా దృష్టిలో ఇల్లు తెచ్చేది రెండో ఫొటో: పక్కన మనిషి కాళ్లు, చేతిలో బెల్టు, కుక్క పూర్తి ఎత్తు. కుంటి కాలుంటే అది కూడా. ఆపరేషన్ గుర్తుగా చెవి చివర కత్తిరించిన కోత కూడా కనిపించాలి. దాన్ని ఎడిటింగ్‌లో పూడ్చమని అడిగినవాళ్లున్నారు. "చెవికి ఏమైందండీ?" అని ఎవరైనా అడిగితే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. ఈ రెండో ఫొటో నేను ఫోన్‌తోనే తీస్తాను, లెన్స్‌తో కాదు.

కుక్కపిల్లల సెక్షన్‌కి ముందు వెళ్తాను, పెద్ద కుక్కల దగ్గరికి తర్వాతే. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. మనం కూర్చున్న చాప, ప్యాంటు మోకాళ్లే దానికి బండి. ఇంటికెళ్లాక చాప బ్లీచ్ నీళ్లతో కడగాలి, కెమెరా పట్టీలో పిడుదులున్నాయేమో చూసుకోవాలి. మొదటిసారి వెళ్లేముందే రేబిస్ ముందస్తు టీకా గురించి డాక్టర్‌తో మాట్లాడండి.

ఫోకస్ కుదిరే కనీస దూరం 45 సెంటీమీటర్లే, అంత దగ్గరికి వెళ్తే కుక్కా దగ్గరికొస్తుంది, వచ్చాక గాజుని నాకుతుంది. మూడొందల రూపాయల ఫిల్టర్ ఒకటి ముందే బిగించుకోండి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) బాడీ ఉన్నవాళ్లు ఈ 50 కళ్లు మూసుకుని కొనొచ్చు. నాలా క్రాప్ వాడేవాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో 35 ఎం.ఎం. దొరుకుతుందేమో ముందు వెతకండి. జాలీ కొంచెం ఎక్కువ కనిపిస్తుంది గానీ కుక్క మొత్తం పడుతుంది. ఈ మోటారు పోయిన రోజు నేను కొనబోయేదీ అదే.