నక్షత్రాలు గుర్తుపట్టడానికి ఫోను యాపా, తిరిగే పటమా?

ఆకాశం చూడటం మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే. ఫోనులో యాప్ ఉండగా, తేదీకీ వేళకూ తగ్గట్టు తిప్పుకుంటే అప్పటి ఆకాశాన్ని చూపే అట్ట నక్షత్ర పటం, అదే ప్లానిస్ఫియర్, ఇంకా ఎందుకు? నేను రెండూ వాడతాను. ఒక్కటే చెప్పమంటే మాత్రం పటానికే ఓటు. అందుకు ముఖ్య కారణం యాప్‌లో లోపం కాదు, మన కన్ను పనిచేసే తీరు.

చీకట్లోకి వచ్చాక మసక నక్షత్రాలు కంటికి ఆనడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. కంటిపాప విచ్చుకోవడం క్షణాల్లో అయిపోతుంది. ఆలస్యమంతా రెటీనాలో మసక వెలుతురును చూసే రాడ్ కణాల్లో, వెలుగును పట్టే రొడాప్సిన్ అనే పదార్థం మళ్లీ తయారు కావడానికే. ఆ అరగంట ఓపికనూ ఫోను తెర ఒక్క చూపుతో మింగేస్తుంది. యాప్‌లలో ఎర్రటి రాత్రి మోడ్ ఉంటుంది కదా అంటారు. రాడ్ కణాలు ఎరుపుకు అంతగా స్పందించవు కాబట్టి అది మంచి ఆలోచనే. కానీ వెలుగు పూర్తిగా తగ్గించినా చాలా తెరలు చీకటికి అలవాటుపడ్డ కంటికి ఎక్కువే. పైగా మధ్యలో వచ్చిపడే సందేశం ఎర్రగా రాదు! పటానికైతే ఎర్ర కాగితం చుట్టిన చిన్న టార్చి చాలు.

యాప్‌తో ఇంకో చిక్కు, అది దిక్కు తెలుసుకునే ఫోనులోని దిక్సూచి. ఫోను కవరులో అయస్కాంతం ఉన్నా, కారు పక్కన నిలబడినా దిక్కు పక్కకు జరుగుతుంది. అప్పుడు యాప్ ఏమాత్రం తడబడకుండా మనం చూస్తున్న నక్షత్రానికి పక్కదాని పేరు తగిలిస్తుంది. కొత్తవాళ్లకు ఆ తప్పు తెలిసే దారి లేదు. పటం పేర్లు అతికించదు, మనతో వెతికిస్తుంది. సప్తర్షి మండలం తోక వంపును అలాగే పొడిగిస్తే స్వాతి, ఇంకా ముందుకు వెళ్తే చిత్త. చేయి చాచి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు. ఓరియన్ నక్షత్ర మండలంలో ఆర్ద్ర నుంచి రీగెల్ నక్షత్రం దాకా దాదాపు రెండు పిడికిళ్లు. ఇలా కొలుచుకుంటూ దొరకబుచ్చుకున్న నక్షత్రాన్ని మర్నాడు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. పటాన్ని తలపైకి ఎత్తి చూడాలని మాత్రం మరచిపోవద్దు, నేల మీద పెట్టి చూస్తే తూర్పు పడమరలు తారుమారవుతాయి.

పటం లోపాలూ చెప్పాలి. అది ఒక అక్షాంశానికే సరిపోతుంది. ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తున కనిపిస్తుందో అదే మన అక్షాంశం కాబట్టి, 50 డిగ్రీల ఉత్తరానికి చేసిన పటం 15 డిగ్రీల దగ్గర పనికిరాదు. దక్షిణాన కనిపించే నక్షత్రాలు చాలావరకు అందులో ఉండనే ఉండవు. సరైనదే కొన్నా, దక్షిణపు రాశుల ఆకారాలు అంచు దగ్గర సాగిపోయి కనిపిస్తాయి.

గ్రహాలు పటంలో ఉండవు. అది లోపమే, కానీ పెద్ద లోపం కాదు. గ్రహాలన్నీ క్రాంతివృత్తం, అంటే ఏడాది పొడవునా ఆకాశంలో సూర్యుడు సాగే దారి, దగ్గరే తిరుగుతాయి, చాలా పటాల్లో ఆ గీత ఉంటుంది. గీత దగ్గర, పటంలో లేని నక్షత్రమొకటి మిణుకుమనకుండా నిలకడగా వెలుగుతుంటే అది గ్రహమే అనుకోవచ్చు. శుక్రుడు సూర్యుడికి 47 డిగ్రీలకు మించి దూరం వెళ్లడు కనుక నడిరాత్రి నడినెత్తిన కనిపించేది శుక్రుడు కాదు. గురుడు ఒక్కో రాశిలో సుమారు ఏడాది, శని రెండున్నరేళ్లు ఉంటారు. ఒకసారి గుర్తుపడితే ఆ ఏడాదికి యాప్ అవసరం తీరినట్టే.

ఉపగ్రహాల దగ్గర మాత్రం పటం చేతులెత్తేస్తుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటన్నరకో చుట్టు తిరుగుతుంది. మనకు కనిపించేది ఎక్కువగా సంధ్య తర్వాత లేదా తెల్లవారుజామున, అదీ కొద్ది నిమిషాలే. గాలి రాపిడి వల్ల, అప్పుడప్పుడూ కక్ష్యను పెంచడం వల్ల దాని వేళలు మారుతుంటాయి, కాబట్టి పాత సమాచారాన్ని నమ్ముకోవద్దు. నేను హెవెన్స్ అబవ్ అనే వెబ్‌సైట్‌లో ఆ రోజు వేళ, దిక్కు, ఎత్తు చూసి కాగితం మీద రాసుకుని, ఫోను లోపలే పెట్టి వెళ్తాను. రెప్పలాడకుండా సాగిన చుక్క నడి ఆకాశంలో ఉన్నట్టుండి మాయమైతే కంగారుపడొద్దు, అది భూమి నీడలోకి వెళ్లింది. ఎర్రగా, ఆకుపచ్చగా మిణుకుతుంటే విమానం.

కంప్యూటర్‌లో ఆకాశాన్ని చూపే స్టెల్లేరియం అనే ప్రోగ్రాం ఇంట్లో కూర్చుని రేపటి ఆకాశం చూసుకోవడానికి చక్కటిది, ఉచితం కూడా. బైనాక్యులర్ 7×50 (ఏడు రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 50 మిల్లీమీటర్లు) అయితే బాగుంటుంది, కానీ ముందు కంటితో నాలుగు రాశులు పట్టుబడనివ్వండి. తనంతట తానే గురిపెట్టే టెలిస్కోపులంటారా, వాటిలో చాలావాటికి మొదట రెండు మూడు నక్షత్రాలను మనమే చూపించాలి.