రొయ్యల బండి నా చేతికొచ్చాక: టాటా మొబైల్ 206తో నాలుగున్నరేళ్లు

బండి కొన్న సంగతి మా అమ్మకి నేను చెప్పలేదు. మూడో రోజు వాసనే చెప్పింది. పెరట్లో పరదా కప్పి పెట్టిన ఆ 1996 మోడల్ టాటా మొబైల్ 206 పికప్ అంతకుముందు పదేళ్లపాటు భీమవరం వైపు చెరువుల దగ్గర రొయ్యలు మోసింది. ఐసు నీళ్లు, ఉప్పు నీళ్లు, రొయ్య తలల రసం అన్నీ కలిసి తొట్టి సందుల్లోకి దిగి ఎండిపోయాయి. కాస్త ఎండ తగిలితే చాలు, వీధి మొదట్లోనే తెలిసిపోయేది.

నేను మెకానిక్‌ని కాను. రాజోలు దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను, రెండెకరాల కొబ్బరితోట ఉంది. కాయలు దింపించినప్పుడల్లా ఆటో కోసం ఎదురుచూడలేక 2020 డిసెంబరులో 65 వేలకి ఈ బండి తీసుకున్నాను. పానా పట్టడం కూడా సరిగా రాని రోజులవి. 2023 ఫిబ్రవరిలో రోడ్డెక్కింది. అప్పట్నుంచి ఇప్పటికి 28 వేల కిలోమీటర్లు తిరిగాను. కొత్తగా ఇలాంటి పనికి దిగేవాళ్లు అడుగుతున్నారు కాబట్టి, నా బండి గురించి, నేను చేసిన తిక్క పనుల గురించి రాస్తున్నాను.

ముందు ఇంజను, ఎందుకంటే దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. టాటా మొబైల్ 1988లో వచ్చింది. అప్పటికి ఇప్పటి టాటా మోటార్స్ పేరు ఇంకా టెల్కోనే. తర్వాత 1991లో వచ్చిన సియెర్రా, 1992లో వచ్చిన ఎస్టేట్ ఈ బండి పునాది మీదే కట్టారు. ఇంజను పేరు 483. నాలుగు సిలిండర్లు, ఒక్కో బోరు 83 మిల్లీమీటర్లు, అందుకే ఆ పేరు. స్ట్రోకు 90. గుణించుకుంటే 1,948 సీసీ వస్తుంది. నేను మా తొమ్మిదో తరగతికి స్తూపం ఘనపరిమాణం ఈ లెక్కతోనే చెబుతాను. 1994లో వచ్చిన సుమోలోనూ ఇదే ఇంజను పెట్టడం మన అదృష్టం. గాస్కెట్లు, హీటర్ ప్లగ్గులు, ఫిల్టర్లు దేనికీ వెతుక్కోలేదు, విజయవాడ ఆటోనగర్‌లో ఒక్క పూటలో అన్నీ దొరికాయి. హీటర్ ప్లగ్గులు నాలుగూ మార్చి, డీజిల్ పైపులు కొత్తవి వేస్తే మూడో సెల్ఫ్‌కే అందుకుంది. లీటరుకి 12, 13 ఇస్తోంది. కాయల లోడుతో గట్టు ఎక్కేటప్పుడు రెండో గేరులో నిదానంగా, అలవాటైన ఎద్దులా పోతుంది.

అసలు కథంతా తొట్టిలో ఉంది.

మా ఊరి వెల్డింగ్ షాపు బాబాయ్ చూడ్డానికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా స్క్రూడ్రైవరు తీసి తొట్టి మూలన పొడిచాడు. పిడి దాకా దిగిపోయింది.

"మాస్టారూ, ఇది రేకు కాదండీ, రంగు. రంగు మీద రంగేసి నిలబెట్టేరండి."

"ఎంత పోయింది బాబాయ్?"

"మిగిలిందెంతో అడగండి. అయస్కాంతం తెచ్చుకుని చూసుకోండి, అది అంటుకోని చోటల్లా పుట్టీయే."

మర్నాడు స్కూల్ ల్యాబ్‌లో అయస్కాంతం అడిగి తెచ్చి తొట్టంతా తిప్పాను. ఎడమ పక్క పలకలో జానెడు జానెడు దూరం జారిపోయింది. వెనక చక్రం పైన ఒకచోట పుట్టీ నా బొటనవేలంత మందం ఉంది.

తొట్టి అడుగు రేకు, పక్క రేకు కలిసే చోట రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి, చుక్కల వెల్డింగుతో అతికి ఉంటాయి. ఆ రెండింటి మధ్య కాగితం పట్టేంత సందు కూడా ఉండదు, కానీ ఉప్పు నీరు పడుతుంది. పైన ఆరిపోయినా లోపల ఆరదు. నీళ్లు పోయినా ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పు మన కోనసీమ గాలిలో తేమని పీల్చుకుంటూ రోజూ తడుస్తూనే ఉంటుంది. పరదా కింద పెట్టిన బండి కూడా తుప్పు పట్టిపోతుందంటే నమ్మలేదు గానీ, నా కళ్ల ముందే జరిగింది.

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. కుళ్లిన రేకు కోసి, కొత్తది అతికి, మిగతాది గ్రైండరుకి వైరు బ్రష్షు తగిలించి మెరిసేలా గీకి, తుప్పుని నల్లగా మార్చే మందు పూసి, పైన రెడ్ ఆక్సైడు ప్రైమరు, దాని మీద రంగు వేశాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఆషాఢం వానలు మొదలైన మూడు వారాలకి తొట్టి అడుగున అప్పడం కాలినప్పుడు లేచినట్టు బుడగలు. ఒకదాన్ని గోటితో చిదిమితే నీటి చుక్క వచ్చింది. వేలికి తీసుకుని నాలుక్కి రాసి చూశాను. ఉప్పన! గీకినా కంటికి కనపడని ఉప్పు రేకు గుంటల్లోనే ఉండిపోయింది. రంగు కింద ఉన్న ఉప్పు పైనుంచి నీటిని లాక్కుని ఆ బుడగలు లేపింది.

మొత్తం మళ్లీ గీకాను. ఈసారి గీకింది తక్కువ, కడిగింది ఎక్కువ. మోటారు పెట్టి మంచినీళ్లు ఒత్తిడితో కొట్టడం, ఆరాక చూడటం, తెల్ల గీత మళ్లీ కనపడితే మళ్లీ కొట్టడం. అలా పదకొండు రోజులు. పూర్తిగా ఎండాకాలంలో ఆరబెట్టి, రెడ్ ఆక్సైడు మానేసి, రెండు డబ్బాలు కలుపుకునే ఎపాక్సీ ప్రైమరు వేశాను. మామూలు ప్రైమరు నీటిని పీలుస్తుంది, ఎపాక్సీ అంతగా రానివ్వదు. అతుకు సందుల్లో సీలెంటు పట్టించి, బోలుగా ఉన్న చోట్ల మైనం స్ప్రే చేశాను. మూడు వర్షాకాలాలు గడిచాయి, ఒక్క బుడగ లేదు.

వెల్డింగ్ గురించి కొత్తవాళ్లకి ఒక్క మాట. బాడీ రేకు 20 గేజు, మిల్లీమీటరు కూడా ఉండదు. మామూలు రాడ్డు వెల్డింగ్‌తో దాని మీదకి వెళ్తే అతుకు పడదు, కన్నం పడుతుంది. నేను చిన్న మిగ్ మిషను కొన్నాను, రాడ్డు బదులు సన్న తీగతో అతికేది. ఒకేసారి గీత లాగకుండా ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, చల్లారాక మధ్యలో ఇంకో చుక్క పెట్టుకుంటూ పోవాలి. లేకపోతే వేడికి రేకు తట్టలా వంకర తిరుగుతుంది. బ్యాటరీ వైరు విప్పకుండా మొదలుపెడితే డైనమోలో (అసలు పేరు ఆల్టర్నేటరు) డయోడ్లు పోవచ్చు. సాయంత్రం అందరూ మోటార్లు వేసే వేళకి మా వీధిలో కరెంటు పడిపోయి చుక్క అతకదు, అందుకని నా వెల్డింగ్ అంతా ఆదివారం పొద్దున్నే.

పని సగంలో ఉండగా 2022 జులై వరద వచ్చింది. మా ఇల్లు ఏటిగట్టుకి లోపల, గోదారి వైపు. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజుకి బండి స్టాండుల మీద, చక్రాల్లేకుండా, ఇంజను బయటికి తీసి ఉంది. నలుగురం కలిసి చీకట్లో నాలుగు చక్రాలూ బిగించి ట్రాక్టరు కట్టి గట్టు మీదకి లాగించాం. ఇంజను ఎడ్లబండి మీద వెళ్లింది. బండి బతికింది గానీ, విప్పిన బోల్టులు ఆవకాయ జాడీల్లో వేసి ఒక్కోదానికీ కాగితం మీద పేరు రాసి పెట్టుకున్నాను కదా, ఆ కాగితాలన్నీ తడిసి సిరా పోయింది. రెండు వందల పైచిలుకు బోల్టులు, ఏది దేనిదో తెలియదు. వాటిని మళ్లీ పోల్చుకోవడానికి దసరా సెలవులు మొత్తం పట్టాయి. రేకు బిళ్లల మీద అంకెలు కొట్టి తీగతో కట్టుకోండి. జాడీలు మాత్రం మా అమ్మ ఇంతవరకు ఇంట్లోకి రానివ్వలేదు.

ఇక నేను ముచ్చటపడి చేసిన మార్పులు. తొట్టి అడుగున గళ్ల అల్యూమినియం రేకు పరిపించి ఇనుప మరలతో బిగించాను. ఫొటోల్లో అదిరిపోయింది. ఎనిమిది నెలలకి మరల చుట్టూ తెల్లటి పొడి లేచింది. ఒక మర తిప్పితే పట్టు లేకుండా ఊరికే తిరుగుతోంది, చుట్టూ రేకు ముక్కుపొడిలా రాలిపోయింది. ఉప్పు తడిలో ఇనుము, అల్యూమినియం తాకుతూ ఉంటే బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం కరిగిపోతుంది. నేను లెక్కలు చెప్పే గదికి పక్క గదిలోనే ఈ పాఠం చెబుతారు. అంతా పీకేసి నల్లతుమ్మ పలకలు వేయించాను, పలకకీ పలకకీ మధ్య వేలు పట్టే సందుతో, కింద నాలుగు మూలలా నీరు పోయే కన్నాలతో. అందంగా ఏమీ లేదు. నాకు బాగా పనికొచ్చిన మార్పు మాత్రం ఇదే.

వెడల్పు టైర్లు కూడా వేశాను. స్టీరింగు తిప్పలేక భుజాలు పట్టేశాయి, చక్రం పూర్తిగా తిప్పితే రేకుకి రాసుకునేది, మైలేజీ పడిపోయింది. పైగా ఇది పసుపు బోర్డు గూడ్స్ బండి, ఎనిమిదేళ్లు దాటిన వాటికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడాగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. ఫిట్‌నెస్‌కి ముందు రోజు పాత టైర్లు వేశాను, మళ్లీ విప్పలేదు. అన్నట్టు, బండి విప్పే ముందే ఆర్టీవో ఆఫీసులో స్టాపేజీ కాగితం, అంటే బండి తిప్పడం లేదని, ఇవ్వండి. లేకపోతే పెరట్లో నిలబడిన బండికి కూడా టాక్సు పడొచ్చు. నాకు పడింది.

ఉంచుకున్న మార్పు ఇంకోటి ఉంది. హెడ్‌లైట్లకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు వెళ్లేలా రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చులు) పెట్టాను. పాత స్విచ్చు గుండా వెళ్తే వోల్టేజీ దారిలోనే పడిపోయేది. బల్బులు మార్చకుండానే వెలుగు బాగా పెరిగింది.

టెన్షన్ పడ్డది ఒకే ఒక్కసారి. బ్రేకు తొక్కే కాలికి బలం కలిపే బూస్టరుకి కావాల్సిన వాక్యూమ్‌ని డీజిల్ ఇంజను దానంతటది ఇవ్వదు. నా బండిలో డైనమో వెనక తగిలించిన చిన్న పంపు ఇస్తుంది. డైనమో పోతే ఒక షాపులో బాగుచేసి అమ్మేది తక్కువకి తెచ్చి బిగించాను. పాలకొల్లు వెళ్తూ చించినాడ వంతెన దిగుతుంటే పెడలు రాయిలా గట్టిపడింది. రెండు కాళ్లూ పెట్టి తొక్కి, గేర్లు దింపుకుంటూ ఆపాను. పంపులో సరుకు అరిగిపోయింది, పైన రంగు మాత్రం కొత్తది. అప్పట్నుంచి బ్రేకుకి సంబంధించిన ఏ వస్తువైనా కొత్తదే కొంటున్నాను.

మొత్తం ఖర్చు, బండి ధర కాకుండా, 3 లక్షల 10 వేలు. రెండుసార్లు వేసిన రంగు, పీకేసిన అల్యూమినియం, మూలన పడున్న టైర్లు కలిపి అందులో 90 వేలు నా సరదాకి పోయింది. పెట్టిన మొత్తం డబ్బుకి నడుస్తున్న పికప్ ఒకటి హాయిగా వచ్చేది. డబ్బు లెక్క చూసుకునేవాళ్లు అదే కొనుక్కోండి. నాకు మాత్రం పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే ఆ నాలుగు సిలిండర్ల చప్పుడు వింటే, ఏ బోల్టు ఎక్కడుందో చేతికి తెలుసు.

ఇప్పుడు ప్రతి లోడు దింపాక బండిని గట్టు వాలు మీద ముక్కు పైకి పెట్టి ఆపి, వెనక డోరు తీసి, రెండు బిందెల మంచినీళ్లు పోస్తాను. నాలుగు కన్నాల్లో వెనకవి రెండూ కారాలి. ఒకటి కారకపోతే కొబ్బరి ఈనె పెట్టి పొడుస్తాను. ఎడమ తలుపు అద్దం రబ్బరు మాత్రం ఇంతవరకు దొరకలేదు. సీటు కింద పాత తువ్వాలు ఉంటుంది. వానాకాలంలో ఎక్కేవాళ్లు తుడుచుకుని కూర్చోవాలి.