సొంతంగా గీసి కట్టే పేపర్ మోడళ్లు: చాలాకాలం వాడాక నా సమీక్ష

ప్రింటు తీసి కత్తిరించి అతికించే పేపర్ కిట్‌నూ, తెల్ల అట్ట మీద మనమే కొలిచి గీసుకుని కట్టే మోడల్‌నూ ఒకే బల్ల మీద పెట్టి మార్కులు వేస్తే రెండింటికీ అన్యాయమే. ఎగ్జిబిషన్లలో ఎక్కువగా జరిగేది ఇదే. రంగుల కిట్ దూరం నుంచే మెరుస్తుంది, పక్కన తెల్లగా నిలబడ్డ సొంత మోడల్ సగం పనిలో వదిలేసినట్టు కనిపిస్తుంది. సొంతంగా గీసి కట్టే ఈ పద్ధతికి పోటీల్లో వేరే విభాగం ఉండాలనే అంటాను. ఎందుకో చెప్పాలంటే అట్ట దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

కానన్ వాళ్ల క్రియేటివ్ పార్క్ వెబ్‌సైటు నుంచి దించుకున్న కిట్ అయినా, పోలండ్‌లో 1957లో మొదలైన పేపర్ మోడళ్ల పత్రిక మావీ మోడెలాష్‌లోది అయినా, కష్టమైన లెక్క ఎవరో ముందే చేసి పెట్టారు. కట్టేవాడి పనితనం అంతా కోతలో, మడతలో, తెల్లగా బయటపడే అంచులకు రంగు పూయడంలో ఉంటుంది. అది చిన్న పనేం కాదు. కానీ విజయనగరం గంటస్తంభానికి కిట్ దొరకడం కష్టం. అది కావాలంటే వలరూపం, అంటే మోడల్‌ను విప్పి చదునుగా పరిస్తే వచ్చే ఆకారం, మనమే గీయాలి.

1885లో కట్టిన ఈ స్తంభం ఎత్తు 68 అడుగులు, ఎనిమిది పలకలు. 1:100 స్కేలులో ఎత్తు 207 మి.మీ. వస్తుంది. మోడల్‌లో ఎదురెదురు గోడల మధ్య 50 మి.మీ. తీసుకుంటే ఒక్కో పలక వెడల్పు దానికి 0.414 రెట్లు, అంటే 20.7 మి.మీ. కొత్తవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఒక పలక కొలిచి గీత పెట్టి, ఆ గీత దగ్గర మళ్లీ స్కేలు సున్నా పెట్టి రెండోది కొలుస్తారు. ఒక్కో పలకకు 0.2 మి.మీ. ఎక్కువైనా ఎనిమిదో పలకకు తేడా 1.6 మి.మీ. అవుతుంది. స్తంభం మెలి తిరుగుతుంది, పై భాగం ఏ వైపూ సరిగ్గా కూర్చోదు. స్కేలు కదపకుండా ఒకే అంచు నుంచి 20.7, 41.4, 62.1, 82.8, 103.6, 124.3, 145.0, 165.7 దగ్గర గుర్తులు పెట్టాలి. చివర అతుకుకు 8 మి.మీ. పట్టీ వదలాలి. మొత్తం వెడల్పు 174 మి.మీ. లోపే కాబట్టి ఒక్క ఏ4 షీటులో పడుతుంది.

ఏ4ని నిలువుగానే వాడాలి. కాగితానికి నార దిశ ఉంటుంది, ఏ4లో సాధారణంగా అది పొడవు వైపే పోతుంది. మడతలు నార వెంబడి పడితే కత్తిలా వస్తాయి, అడ్డంగా పడితే పైపొర చిట్లుతుంది. పెళ్లికార్డులు వేసే ప్రెస్సులో ఐవరీ అట్ట కోత ముక్కలు చవగ్గా దొరుకుతాయి గానీ, వాటిని పెద్ద షీటు నుంచి ఎటు కోశారో తెలియదు. ముక్కను చేతుల్లో పట్టుకుని రెండు దిక్కులా కొంచెం వంచి చూడండి. ఎటు తేలిగ్గా వంగితే, ఆ వంపు గీత వెంబడే నార ఉన్నట్టు. వానలు మొదలైతే శ్రీకాకుళం తీరంలో ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. తేమకు కాగితం నారకు అడ్డంగానే ఎక్కువ సాగుతుంది, అందుకని పొడవాటి గోడకు నార పొడవు వైపు పోయేలా చూసుకుంటే ఎత్తు నిలుస్తుంది.

గోడలకు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) ఐవరీ బాగుంటుంది, మందం సుమారు 0.4 మి.మీ. స్తంభం లోపల ప్రతి 45 మి.మీ.కి అడ్డంగా ఒక అష్టభుజి బిళ్ల పెట్టాలి, లేకపోతే గోడలు లోపలికి కుంగుతాయి. ఆ బిళ్ల 50 మి.మీ. ఉంటే లోపల పట్టదు. రెండు వైపులా అట్ట మందం తీసేసి, కాస్త వదులుంచి 49 మి.మీ. దగ్గర కోయాలి. పీఠానికి 1.5 మి.మీ. మిల్ బోర్డు (దళసరి అట్ట) వాడితే మడత అన్న మాటే లేదు, గోడలు విడివిడిగా కోసి అతకాలి. బయటి కొలత 60 మి.మీ. ఉండాలంటే రెండు గోడలు 60, వాటి మధ్య ఇరుక్కునే రెండు గోడలు 57.

గుడి గోపురం కట్టాలంటే ఇంకో మెలిక. అంతస్తు నిలువెత్తు 40 మి.మీ., పైకి వెళ్లేసరికి ఒక్కో వైపు 9 మి.మీ. లోపలికి జరిగితే, అట్ట మీద గీయాల్సిన ఎత్తు 41 మి.మీ. వాలుగోడను నిలువెత్తుతోనే గీసేస్తే అంతస్తుకు దాదాపు మిల్లీమీటరు పోతుంది, ఏడంతస్తులకి గోపురం పొట్టిదైపోతుంది. కిట్ కట్టేవాడికి ఈ లెక్కతో పనే పడదు, విభాగం వేరు కావాలనడానికి నాకు ఇదే పెద్ద కారణం.

పనిముట్లకు పెద్ద ఖర్చు లేదు. సర్జికల్ సామాన్ల షాపులో 3వ నంబరు హ్యాండిల్, 11వ నంబరు బ్లేడు. స్టీలు స్కేలు, మడత గీతలు నొక్కడానికి సిరా అయిపోయిన బాల్‌పెన్ను. గమ్ము పూయడానికి చీపురుపుల్ల కొసను మించింది లేదు. ఫెవికాల్ ఎంఆర్ పలచగా రాస్తే చాలు. ఐవరీ నున్నటి వైపు అది సరిగా పట్టదు, పట్టీ మీద సన్న గరుకు కాగితంతో రెండుసార్లు రుద్దాలి. రెండు అట్టలను మొత్తంగా అతికించేటప్పుడు మాత్రం నీటి గమ్ము తడికి అట్ట వంకర్లు పోతుంది. రబ్బరు గమ్ము వంచదు గానీ కొన్నేళ్లకు పసుపురంగు తిరిగి పైకి మరకలా వస్తుంది. రంగు ప్రింటు ఉన్న కిట్‌లో ఆ మరక కలిసిపోతుంది, తెల్ల మోడల్‌లో దాచే చోటే ఉండదు. అందుకే తెల్ల మోడళ్లకు ఫెవికాలే పలచగా పూసి, రెండు వైపులా కాగితం వేసి, రాత్రంతా బరువు కింద ఉంచడం మేలు.

ఇక విభాగం పెడితే హద్దు ఎక్కడ గీయాలి? నా లెక్కలో వలరూపం ఎవరిదన్నదే హద్దు. మీరే కంప్యూటర్‌లో 3డీలో కట్టుకుని, దాన్ని వలరూపంగా విప్పే పెపకురా సాఫ్ట్‌వేర్‌తో విప్పుకుంటే అది సొంతమే. ఇంకొకరి 3డీ ఫైలు తెచ్చి విప్పితే కిట్టే. కిట్‌ను రెండింతలు పెంచి రంగు మార్చినా కిట్టే. రుజువుగా మోడల్ పక్కన కొలతల కాగితం, బిస్కెట్ డబ్బా అట్టతో చేసిన కచ్చా మోడల్ పెట్టమనాలి. సొంతంగా గీసినవాళ్ల దగ్గర అవి ఎలాగూ ఉంటాయి.

కాగితం కానిది ఎంతవరకు ఒప్పుకోవాలన్నది మాత్రం అంత తేలిగ్గా తేలదు. విజయనగరం పైడితల్లి అమ్మవారి ఉత్సవంలో కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి సిరిమాను తీసుకోండి. మాను 55 అడుగులనుకుంటే 1:50లో 335 మి.మీ., ఏ4 చాలదు. 75 జీఎస్ఎం ఏ3 షీటును ఒక చివర 297, ఇంకో చివర 40 మి.మీ. వెడల్పు ఉండేలా ఏటవాలుగా కోసి, తిన్నటి అంచును 2 మి.మీ. జీఐ తీగ మీద పెట్టి గట్టిగా చుడితే మొదలు ఆరున్నర మి.మీ., కొస 3 మి.మీ. లావు వస్తుంది. చివరి అంచుకే గమ్ము. తీగ లాగేస్తే అచ్చంగా కాగితమే, కానీ కొసన ఆసనం, పూజారి బొమ్మ పెట్టాక వానాకాలంలో నెమ్మదిగా వంగుతుంది. తీగ లోపలే ఉంచేస్తే వంగదు. బయటికి కనిపించే ప్రతి తలమూ కాగితమే అయితే లోపలి తీగనూ, చేపల వల లాంటివి చేయడానికి వాడే దారాన్నీ, కిటికీ పారదర్శక షీటునూ ఒప్పుకోవచ్చు. చెక్క, థర్మోకోల్ మీద కాగితం అతికించి తెస్తే వద్దనాలి.

ఈ విభాగానికి పోటీదారులు తక్కువే వస్తారన్నది నిజం. మూడు మోడళ్లే వచ్చినా సరే, ఆ మూడింటినీ గీతలు చూసి, కచ్చా మోడల్ తిప్పి చూసి మార్కులు వేయగలిగినవాళ్లు బల్ల దగ్గర ఉండాలి. అలాంటివాళ్లు దొరక్కపోతే ఆ ఏడాదికి ప్రదర్శనగా పెట్టి ఊరుకోవడమే నయం.